గ్రీన్‌హామ్ కామన్: సైన్యం చేతిలోంచి ఊరి చేతికి

సభకు నమస్కారం.

దక్షిణ ఇంగ్లండులో న్యూబరీ పట్టణం పక్కనున్న గ్రీన్‌హామ్ కామన్ పేరు వినగానే చాలామందికి అణు క్షిపణులు, వాటిని ఎదిరించిన మహిళలు గుర్తుకొస్తారు. ఆ పోరాటం మీద నాకు అపారమైన గౌరవం ఉంది. అయితే ఆ నేల తిరిగి జనానికి దక్కడంలో ఊరివాళ్ల పాత హక్కులకున్న పాత్రను మనం తగినంతగా చెప్పుకోవడం లేదన్నది నా అభిప్రాయం.

యుద్ధానికి ముందు అది ఊరుమ్మడి బీడు. పశువులను మేపుకోవడానికీ పుల్లలు ఏరుకోవడానికీ చుట్టుపక్కల ఇళ్లవారికి తరతరాలుగా హక్కు ఉండేది. రెండో ప్రపంచ యుద్ధంలో ప్రభుత్వం దాన్ని స్వాధీనం చేసుకుని వైమానిక స్థావరంగా మార్చింది. 1944 జూన్ 5 సాయంత్రం, ముఖాలకు నల్లరంగు పూసుకుని ఫ్రాన్స్ తీరంలోని నార్మండీకి బయలుదేరబోతున్న అమెరికన్ పారాట్రూపర్లతో మిత్రరాజ్యాల సర్వసేనాని ఐసెన్‌హోవర్ మాట్లాడుతున్న ప్రసిద్ధ ఛాయాచిత్రం ఇక్కడ తీసినదే. యుద్ధానంతరం మూతపడిన స్థావరం 1951లో అమెరికన్ వైమానిక దళం వాడకానికి వెళ్లింది. భారీ బాంబర్ల కోసం సుమారు 3 కిలోమీటర్ల రన్‌వే వేశారు.

అణ్వాయుధాలు మోసే 96 అమెరికన్ క్రూయిజ్ క్షిపణులు ఇక్కడ పెడతారని తెలిసి, 1981లో కొందరు మహిళలు వేల్స్‌లోని కార్డిఫ్ నుంచి నడిచి వచ్చి గేటు ముందు మకాం వేశారు. మరుసటి ఏడాది డిసెంబరు 12న దాదాపు 30,000 మంది మహిళలు చేయీ చేయీ కలిపి స్థావరం చుట్టూ నిలబడి, పిల్లల ఫొటోలూ పసిబట్టలూ ఆ ఇనుప కంచెకు కట్టారు. అయినా 1983 నవంబరులో క్షిపణులు వచ్చాయి. ఇలాంటి క్షిపణులను తొలగించాలన్న 1987 నాటి అమెరికా–సోవియట్ ఒప్పందం తర్వాతే, 1991 నాటికి, అవి వెళ్లిపోయాయి.

ఈలోగా న్యాయస్థానంలో మరో పోరు నడిచింది. అనుమతి లేకుండా లోపలికి వెళ్లడం నేరమని రక్షణ శాఖ 1985లో ఉపనిబంధనలు తెచ్చింది. వాటి కింద శిక్ష పడిన ఇద్దరు మహిళలు అప్పీలు చేశారు. సైనిక భూముల గురించి 1892లో చేసిన చట్టం ప్రకారం, ఇలాంటి నిబంధనలు ఉమ్మడి భూమి మీద హక్కుదారులకున్న హక్కులకు భంగం కలిగించకూడదు. ఆ కారణంగానే 1990లో, అప్పటి బ్రిటన్ అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ ఆ ఉపనిబంధనలు చెల్లవని తీర్పు చెప్పింది. పశువులు మేపుకునే హక్కు అణ్వాయుధ స్థావరపు నిబంధనలను కొట్టివేయించిందంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

1997లో ఒక స్థానిక ట్రస్టు స్థావరాన్ని కొని, కట్టడాలున్న భాగాన్ని వ్యాపార సముదాయంగా మలచి, దాని ఆదాయాన్ని సేవాసంస్థలకు ఇస్తోంది. బీడు భాగం స్థానిక కౌన్సిల్‌కు దక్కింది. రన్‌వేను పగలగొట్టి తీసిన కాంక్రీటులో కొంత న్యూబరీ బైపాస్ రోడ్డుకు వెళ్లింది. 2000లో కంచె తొలగింది. ఇప్పుడక్కడ హెదర్, గోర్స్ పొదల మధ్య పశువులు మేస్తున్నాయి, నేలమీదే గూడు పెట్టే అరుదైన పక్షులు తిరిగొచ్చాయి. పాత కంట్రోల్ టవరు సందర్శకులకు తెరిచి ఉంది. గడ్డి కప్పిన ఆరు క్షిపణి నిలయాలు 2003 నుంచి రక్షిత కట్టడాలు. వాటిని కూల్చకపోవడం సరైన నిర్ణయమని నా నమ్మకం.

ఈ బీడును ఉమ్మడి భూమిగా పునరుద్ధరించి, అందరికీ ప్రవేశం కల్పిస్తూ, దాని సంరక్షణకు హక్కుదారులకూ స్థానికులకూ చోటున్న కమిషన్‌ను ఏర్పరుస్తూ 2002లో ప్రత్యేక చట్టం వచ్చింది.