బరువు తగ్గే ఆపరేషన్: ముందూ తర్వాతా షుగర్ మందులు ఎలా మార్చుకోవాలి?

నమస్కారం అండి. బరువు తగ్గడానికి బేరియాట్రిక్ సర్జరీ చేయించుకోబోతున్న షుగర్ పేషెంట్ల కోసం, ఇంట్లో వాళ్లకి వండిపెట్టేవాళ్ల కోసం ఈ వీడియో. పొట్టని కోసి సన్నటి గొట్టంలా చేసే స్లీవ్ మంచిదా, పొట్టని చిన్నది చేసి పేగుకి దారి మళ్లించే బైపాస్ మంచిదా అన్న చర్చలోకి వెళ్లడం లేదు. మాట్లాడేదంతా మందుల గురించే. ఈ ఆపరేషన్ చుట్టూ షుగర్ అదుపు తప్పేది ఎక్కువగా ఒకే కారణంతో: తిండి ఒక్కసారిగా పడిపోతుంది, మందులు మాత్రం పాత డోసులోనే నడుస్తుంటాయి. డోసు మార్చాల్సింది మీ డాక్టరే. ఎప్పుడు, ఏం అడగాలో మీకు తెలిసి ఉండాలి, అంతే.

ముందు మీ మందుల డబ్బా తెచ్చుకోండి. వీడియో ఆపి తెచ్చుకున్నా పర్లేదు.

(తెర మీద: టాబ్లెట్ స్ట్రిప్ వెనక వైపు, బాగా దగ్గరగా)

స్ట్రిప్ తిప్పి చూడండి. ముందువైపు పెద్ద అక్షరాల్లో ఉన్నది కంపెనీ పెట్టుకున్న పేరు, దాన్ని వదిలేయండి. వెనక చిన్న అక్షరాల్లో ఉన్నదే మందు. ఈ స్ట్రిప్ మీద ఏముంది? గ్లిమెపిరైడ్ 2 ఎంజీ, మెట్‌ఫార్మిన్ 500 ఎంజీ, పక్కన ఎస్.ఆర్. అని. ఒకే బిళ్లలో రెండు మందులు. మన దగ్గర ఇలాంటివి బాగా రాస్తారు. వోగ్లిబోస్ కూడా కలిపిన మూడు మందుల బిళ్లలూ ఉన్నాయి. మామూలు రోజుల్లో వేసుకోవడానికి సులువే కానీ, ఆపరేషన్ దగ్గర పడ్డప్పుడు ఇవే చిక్కు తెచ్చిపెడతాయి. గ్లిమెపిరైడ్ ఆపి మెట్‌ఫార్మిన్ కొనసాగించమంటే, ఈ బిళ్లని ఎలా విడదీస్తాం? కాబట్టి ఆపరేషన్‌కి మూడు నాలుగు వారాల ముందే డాక్టర్ని అడగండి: "కలిపి ఉన్న బిళ్లలు తీసేసి, ఏ మందుకి ఆ మందు విడిగా రాస్తారా?"

ఇప్పుడు స్ట్రిప్‌ల వెనక పేర్లు ఒక్కొక్కటే వెతుకుదాం.

పేరు చివర "గ్లిఫ్లోజిన్" అని ఉందా? డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్, కానాగ్లిఫ్లోజిన్. ఇవి షుగర్‌ని మూత్రంలోకి పంపేసే మందులు. అన్నిటికంటే జాగ్రత్త పడాల్సింది వీటితోనే. ఆపరేషన్‌కి కనీసం 3 రోజుల ముందు ఆపాలి, ఎర్టుగ్లిఫ్లోజిన్ అయితే 4 రోజులు. ఆపరేషన్ ముందు ద్రవాహారం మొదలుపెడతారు కదా, ఆ రోజు నుంచే ఆపేయమని చాలామంది డాక్టర్లు చెబుతారు. ఎందుకంటే, తిండి తగ్గినప్పుడు ఈ మందు లోపల పనిచేస్తుంటే ఒంట్లో కీటోన్లు, అంటే కొవ్వు కరిగినప్పుడు పుట్టే ఆమ్లాలు, పేరుకుంటాయి, రక్తం ఆమ్లంగా మారుతుంది. ఇక్కడ మోసం ఏమిటంటే, గ్లూకోమీటర్ 160, 180 దగ్గరే చూపిస్తుంది. వికారం, వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తాయి. ఆపరేషన్ అయ్యాక ఇలాంటివి మామూలేలే అని ఇంట్లోవాళ్లూ, ఒక్కోసారి నర్సులూ సరిపెట్టుకుంటారు. "ఫలానా గ్లిఫ్లోజిన్ వాడాను, ఆఖరి బిళ్ల ఫలానా రోజు వేసుకున్నాను" అని మీరే నోరు తెరిచి చెప్పాలి. అప్పుడు రక్తంలో కీటోన్లు చూస్తారు.

గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిపిజైడ్: ఇవి మీరు తిన్నా తినకపోయినా ఇన్సులిన్‌ని బయటికి నెడతాయి. పావు వంతు తిండితో పాత డోసు వేసుకుంటే లో షుగర్ ఖాయం. ద్రవాహారం మొదలయ్యే రోజుకే తగ్గించడమో ఆపడమో చేస్తారు. ఆపరేషన్ తర్వాత మొదటి వారాల్లో సాధారణంగా మళ్లీ ఇవ్వరు.

మెట్‌ఫార్మిన్‌తో అంత భయం లేదు. ఆపరేషన్ రోజు మానేసి, ద్రవాలు బాగా తాగగలుగుతున్నాక, కిడ్నీ పరీక్ష బాగుంటే మళ్లీ మొదలుపెడతారు. ఎస్.ఆర్. బిళ్లని మాత్రం పొడి చేయకండి. రోజంతా మెల్లగా కరగాల్సిన మందు ఒకేసారి దిగిపోతుంది. మామూలు మెట్‌ఫార్మిన్ బిళ్లగానీ సిరప్‌గానీ రాయమనండి.

సెమాగ్లుటైడ్ లాంటి వారానికోసారి ఇంజెక్షన్ తీసుకుంటుంటే, మత్తు ఇచ్చే డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి. వీటివల్ల తిన్నది చాలాసేపు పొట్టలోనే ఉండిపోతుంది, మత్తులో ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. ఆఖరి డోసు ఎప్పుడు ఆపాలో వాళ్లే తేలుస్తారు.

ఇక ఇన్సులిన్. 30/70 మిక్స్ వాడేవాళ్లు మనలో చాలామంది. అందులో తిండికి సరిపడా పనిచేసే భాగం, రోజంతా పనిచేసే భాగం కలిసే ఉంటాయి. మజ్జిగా చారూ తాగే రోజుల్లో ఆ మొదటి భాగానికి పనేముంది? అందుకే చాలాసార్లు రోజుకి ఒక్కసారి వేసుకునే దీర్ఘకాలిక ఇన్సులిన్‌కి మారుస్తారు, మొత్తం డోసు సగం దాకా తగ్గిస్తారు. టైప్ 1 షుగర్ ఉన్నవాళ్లు మాత్రం, ఏం తినకపోయినా సరే, దీర్ఘకాలిక ఇన్సులిన్ పూర్తిగా ఆపకూడదు.

ఆపరేషన్ ముందు హెచ్‌బీఏ1సీ, అంటే గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష, 7 శాతం దగ్గర ఉండాలనుకుంటారు. షుగర్ చాలా ఏళ్ల నుంచి ఉంటే 8 దాకా ఒప్పుకుంటారు. అంతకంటే ఎక్కువుంటే వాయిదా వేయవచ్చు, వేయకపోనూవచ్చు, అది సర్జన్ నిర్ణయం. ఐరన్ తక్కువై రక్తహీనత ఉంటే ఈ అంకె ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. మన ఆడవాళ్లలో రక్తహీనత ఎక్కువ కాబట్టి, హిమోగ్లోబిన్ పక్కన పెట్టుకునే దీన్ని చదవాలి. కంటి రెటీనా పరీక్ష కూడా ముందే చేయించుకోండి. రెటీనా ఇప్పటికే దెబ్బతిని ఉంటే, షుగర్ ఒక్కసారిగా పడిపోయినప్పుడు అది ఇంకా ముదరవచ్చు.

ఇప్పుడు ఆపరేషన్ ముందు రెండు వారాల ఆహారం. రోజుకి 800 నుంచి 1000 క్యాలరీలు, పిండి పదార్థం తక్కువ, ప్రోటీన్ ఎక్కువ. కాలేయం ఎడమ భాగం సరిగ్గా పొట్ట మీదే ఉంటుంది. అందులో కొవ్వు తగ్గి చిన్నదైతేనే సర్జన్‌కి దారి దొరుకుతుంది. ఈ రెండు వారాల్లో ఎక్కువగా జరిగే పొరపాటు రాగిజావ. ద్రవాహారం అన్నారు కదా అని మూడు పూటలా జావ, మధ్యలో కొబ్బరినీళ్లు, సాయంత్రం బత్తాయి రసం. ద్రవమే కానీ అంతా పిండీ పంచదారే. కాలేయం తగ్గదు, షుగరూ తగ్గదు. పలుచటి మజ్జిగ, వడకట్టిన చికెన్ సూప్, పప్పు తేట, చక్కెర లేని ప్రోటీన్ పౌడర్, వీటి చుట్టూ రోజుని కట్టుకోండి.

రోజుకి నాలుగుసార్లు షుగర్ చూడండి: పరగడుపున, మధ్యాహ్నం భోజనానికి ముందు, రాత్రి భోజనానికి ముందు, పడుకునే ముందు.

(తెర మీద: చేతులు కడిగి తుడుచుకోవడం, వేలి పక్కన గుచ్చడం)

చేతులు సబ్బుతో కడిగి, బాగా ఆరాకే గుచ్చండి. పండు కోసిన చేత్తో పరీక్ష చేస్తే 110 ఉన్నది 200 చూపించవచ్చు, దాన్ని నమ్మి ఇన్సులిన్ పెంచితే ఇంకో ప్రమాదం. వేలి కొస మధ్యలో కాకుండా పక్కన గుచ్చితే నొప్పి తక్కువ.

ఆసుపత్రిలో ఆపరేషన్ చుట్టూ షుగర్‌ని సాధారణంగా 140 నుంచి 180 మధ్య ఉంచుతారు. అక్కడ మీరు చేయాల్సింది పెద్దగా లేదు. డిశ్చార్జి రోజున మాత్రం ఉంది. ఆ చీటీలో పాత మందుల జాబితా యథాతథంగా దిగిందేమో చూసుకోండి. ఒక్కో మందు దగ్గరా వేలు పెట్టి "ఇది ఆపామా, తగ్గించామా, అలాగే ఉందా?" అని అడిగి రాయించుకోండి. బీపీ బిళ్లల్లో మూత్రం ఎక్కువ పోయేలా చేసేవి ఉంటే వాటి గురించీ అడగండి. ఒంట్లో నీరు తగ్గే రోజులివి.

బరువు తగ్గకముందే, మొదటి వారంలోనే షుగర్ ఎందుకు పడిపోతుంది? తిండి తగ్గడం ఒకటి. బైపాస్‌లో అయితే తిన్నది చిన్నపేగు చివరి భాగానికి తొందరగా చేరి, ఇన్సులిన్‌ని పెంచే హార్మోన్లు ఎక్కువ విడుదలవుతాయి. అందుకే నిన్న సరిపోయిన డోసు ఇవాళ ఎక్కువైపోతుంది. 70 కంటే ఒక్కసారి తగ్గినా ఆ రోజే డాక్టర్‌కి ఫోన్ చేయండి. రెండుసార్లు వరసగా 180 దాటినా చెప్పండి.

లో షుగర్ వస్తే చేయాల్సింది కూడా ఇప్పుడు మారుతుంది. గ్లాసుడు రసం గటగటా తాగే పొట్ట కాదిది. గ్లూకోజ్ పొడి 3 టీస్పూన్లు, అంటే సుమారు 15 గ్రాములు, అరకప్పు నీళ్లలో కలిపి చిన్న గుక్కలుగా తాగండి. 15 నిమిషాలకి మళ్లీ చూడండి. వోగ్లిబోస్, అకార్బోస్ వాడేవాళ్లకి పంచదార, బెల్లం, చాక్లెట్ పనిచేయవు, ఆ మందు వాటిని త్వరగా అరగనివ్వదు. వాళ్లకి గ్లూకోజ్ పొడే కావాలి. ఆ డబ్బా ఒకటి దిండు పక్కన, ఒకటి బండి డిక్కీలో పెట్టుకోండి.

ద్రవాలు, తర్వాత మెత్తటి గుజ్జు, తర్వాత మెత్తటి అన్నం, ఆరు నుంచి ఎనిమిది వారాలకి మామూలు భోజనం: ఇదీ వరస. రోజుకి కనీసం 60 గ్రాముల ప్రోటీన్. గుడ్డుకి 6 గ్రాములు వస్తుంది, 100 గ్రాముల పనీర్‌కి 18 దాకా. కంచంలో ముందు ప్రోటీన్, తర్వాత కూర, ఆఖరున అన్నం. భోజనంతో నీళ్లు వద్దు, అరగంట ఆగి తాగండి. విటమిన్లు జీవితాంతం. క్యాల్షియం, ఐరన్ మధ్య రెండు గంటల తేడా ఉండాలి. బి12 మీద రెండింతలు కన్నేయండి, మెట్‌ఫార్మిన్ కూడా దాన్ని తగ్గిస్తుంది.

రెండు మూడు రోజులు వాంతులు ఆగలేదనుకోండి. మన ఊళ్లలో వెంటనే చేసే పని గ్లూకోజ్ బాటిల్ ఎక్కించడం. వద్దు. థయామిన్, అంటే విటమిన్ బి1, అప్పటికే అడుగంటి ఉండవచ్చు. అది ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినవచ్చు. "నాకు బేరియాట్రిక్ అయింది, ముందు థయామిన్ ఇవ్వండి" అని చెప్పండి. వీలైతే ఆ మాట కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోండి.

మందులన్నీ ఆపి మూడు నెలలు దాటాక కూడా హెచ్‌బీఏ1సీ 6.5 కంటే తక్కువుంటే దాన్ని ఉపశమనం అంటారు. షుగర్ వచ్చి కొద్ది ఏళ్లే అయినవాళ్లకి, ఇన్సులిన్ అవసరం రానివాళ్లకి ఈ అవకాశం ఎక్కువ. స్వీడన్‌లో చాలా ఏళ్లు సాగిన ఒక పెద్ద అధ్యయనంలో 2 ఏళ్లకి 72 శాతం మందికి షుగర్ వెనక్కి తగ్గింది, 15 ఏళ్లకి ఆ సంఖ్య 30 శాతానికి వచ్చింది. అప్పట్లో ఎక్కువగా చేసిన ఆపరేషన్లు ఇప్పటివి కావు కానీ, ధోరణి అదే. కాబట్టి మందులు ఆగినా పరీక్షలు ఆపకండి, కంటి పరీక్ష, కిడ్నీ పరీక్ష, పాదాల పరీక్షతో సహా.

ఏడాది తర్వాత, ముఖ్యంగా బైపాస్ అయినవాళ్లకి, ఇంకో రకం లో షుగర్ వస్తుంది. మందులేవీ లేకుండానే, తిన్న గంట నుంచి మూడు గంటల్లో చెమటలు, వణుకు, కళ్లు తిరగడం. పులిహోర, జిలేబీ, పండ్లరసం లాంటివి ఒక్కసారిగా రక్తంలోకి చేరి, ఇన్సులిన్ అవసరానికి మించి ఊరడం వల్ల. అప్పటికి గ్లూకోజ్ తీసుకోండి, కాస్త తేరుకున్నాక ఓ గుడ్డో, గుప్పెడు శనగలో తినండి. మళ్లీ స్వీటు తింటే మళ్లీ అదే జరుగుతుంది. తరచూ వస్తుంటే డాక్టర్‌కి చూపించాలి. ఆ సమయంలో బండి నడపకండి.

ఒక్క పరీక్ష మాత్రం చేయించుకోవద్దు: 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి చేసేది. బైపాస్ అయినవాళ్లని అది కూలబడేలా చేయగలదు. మన దగ్గర గర్భిణులకి ఈ పరీక్ష దాదాపు అందరికీ చేస్తారు. ఆపరేషన్ తర్వాత 12 నుంచి 18 నెలలు ఆగి గర్భం దాల్చమంటారు. ఆ తర్వాత పరీక్షకి వెళ్లినప్పుడు, ఆ గ్లాసు చేతికి ఇవ్వకముందే ఆపరేషన్ సంగతి చెప్పండి. దాని బదులు 24 నుంచి 28 వారాల మధ్య ఓ వారం రోజులు ఇంట్లోనే గ్లూకోమీటర్‌తో పరగడుపున, తిన్నాక చూసి, ఆ అంకెలు రాసుకెళ్లి చూపిస్తే సరిపోతుంది.