మిగిలిన టేపు

అందరికీ నమస్కారం.

నన్ను పిలిచినప్పుడే చెప్పాను, "నాకు సంగీతం రాదు సార్, స్వరం పట్టుకోమంటే దొరకదు, నేనేం మాట్లాడతాను" అని. "మీరు విన్నవాటి గురించే చెప్పండి" అన్నారు. వినడమైతే చేశాను. 1984 నుంచి 2002 దాకా ఇదే కడపలో, ఏడు రోడ్ల దగ్గర ఒక సందులో, ఆరడుగుల వెడల్పు షాపులో కూర్చుని పొద్దున తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది దాకా విన్నాను. క్యాసెట్ రికార్డింగ్ సెంటర్. తల నెరిసినవాళ్ళకు వివరించక్కర్లేదు. చిన్నవాళ్ళ కోసం ఒక మాట: జనం కాగితమ్మీద పాటల లిస్టు రాసుకొస్తే, మేం వాటిని ఖాళీ క్యాసెట్లోకి ఎక్కించి ఇచ్చేవాళ్ళం. అది చట్టానికి ఒప్పా తప్పా అని ఇప్పుడు అడగొద్దు, టీ తాగేటప్పుడు అడగండి.

ఎవరో మహానుభావుడు నెలల తరబడి కూర్చుని దీని తర్వాత ఇది అని పాటలు పేర్చి పెడితే, నేను అందులోంచి మూడోదీ ఏడోదీ పీకి ఇంకేదో సినిమా పాట పక్కన అతికించేవాణ్ణి. అలా ఆల్బమ్‌లను ముక్కలు చేసి బతికినవాణ్ణి పిలిచి గొప్ప ఆల్బమ్‌ల గురించి మాట్లాడమన్నారు. కసాయిని పిలిచి గొర్రెల పెంపకం మీద నాలుగు మాటలు చెప్పమన్నట్టుంది.

ముందు క్యాసెట్ల లెక్క చెబుతాను, ఆ తర్వాతి కథకు అవసరం. ఎల్‌పీ రికార్డు, అదే ఆల్బమ్ వచ్చే పెద్ద నల్ల పళ్ళెం, ఒక్కో వైపు సుమారు 20, 22 నిమిషాలు. సి-60 క్యాసెట్ సైడుకు 30 నిమిషాలు, సి-90 అయితే 45. కాబట్టి ఎల్‌పీ మొత్తం సి-90 ఒక్క సైడులో పట్టేది. పట్టాక కొంచెం టేపు మిగిలేది. మా వ్యాపారంలో తలనొప్పంతా ఆ మిగిలిన టేపుతోనే. ఖాళీగా వదిలితే "డబ్బులు తీసుకోని సగం నింపినాడు" అంటారు. అందుకని సైడు చివర ఏదో ఒక పాట ఎక్కించేవాళ్ళం. సగంలో తెగినా సరే, ఖాళీ మాత్రం ఉండకూడదు.

1988లో ఇంజనీరింగ్ చదివే ఒక ప్రొద్దుటూరు అబ్బాయి మద్రాసు నుంచి ఎవరిదో ఎల్‌పీ అరువు తెచ్చాడు. నల్ల అట్ట, మధ్యలో గాజు పట్టకం, ఇటునుంచి తెల్ల గీత పోతే అటునుంచి రంగులు. పింక్ ఫ్లాయిడ్ అనే లండన్ రాక్ బృందం వాళ్ళ 'ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్'. 1973లో వచ్చింది. "అన్నా, మొత్తం ఒకే సైడుకు రావాల. యాడా కట్ కాకూడదు" అన్నాడు. సరేనన్నాను. ముల్లు పెట్టాను. గుండె కొట్టుకునే చప్పుడు. ముందు నా రికార్డ్ ప్లేయరే పాడైందనుకున్నాను. తర్వాత గడియారాలన్నీ ఒక్కసారిగా మోగాయి, పక్క షాపాయన తొంగిచూశాడు. రెండో వైపు తిప్పి పెట్టి టీ తాగుతుంటే చిల్లర గలగల, గల్లాపెట్టె తెరుచుకున్న చప్పుడు. ఉలిక్కిపడి నా గల్లా చూసుకున్నాను. పాట పేరే 'మనీ'. ఆ చప్పుళ్ళను టేపు ముక్కలుగా కోసి, వరసలో అతికించి, చుట్టూ తిప్పి రికార్డు చేశారట. వేళ్ళు మడిచి లెక్కపెట్టాను, ఏడు. మళ్ళీ పెట్టాను, ఏడే. మా వీధిలో మృదంగం నేర్పే ఆయన పిల్లల చేత "తకిట తకధిమి" అనిపిస్తారే, ఆ మిశ్రచాపు తాళం లెక్క. లండన్ కుర్రాళ్ళు డబ్బుల చప్పుడుతో మిశ్రచాపు వేశారని ఆయనకు చెబితే, నన్ను అదోలా చూశారు.

మొత్తం 43 నిమిషాలు. చివర మళ్ళీ ఆ గుండె చప్పుడే, తగ్గి తగ్గి ఆగిపోతుంది. ఇంకా రెండు నిమిషాల టేపు ఉంది. అలవాటు ప్రకారం అప్పుడే వచ్చిన ఒక సినిమా డ్యూయెట్ ఎక్కించాను. పల్లవి వచ్చింది, చరణం మధ్యలో తెగింది.

మూడోరోజు ఆ అబ్బాయి వచ్చాడు. కోపమో నవ్వో తెలియని ముఖం. "ఏందన్నా ఇది? గుండె ఆగిపోయినాక డ్యూయెట్ ఏంది?"

నాకు ఆల్బమ్ అనేది మొదటిసారి అర్థమైంది అప్పుడే. ఆ గుండె ఆగాక వచ్చే నిశ్శబ్దం కూడా వాళ్ళు అమ్మిన సరుకే. నేను దాన్ని ఖాళీ అనుకున్నాను. అమెరికాలో బాగా అమ్ముడయ్యే ఆల్బమ్‌ల బిల్‌బోర్డ్ పట్టికలో ఆ ఆల్బమ్ 1973కీ 1988కీ మధ్య 741 వారాలు ఉందని చాలాకాలం తర్వాత చదివాను. అన్ని వారాలు కొన్నవాళ్ళలో ఎవరికీ చివర్లో డ్యూయెట్ వచ్చి ఉండదు.

అప్పట్నుంచి నాకొక కొలత ఏర్పడింది. ఒక పాట ఆగి ఇంకోటి మొదలయ్యేలోపు రెండు మూడు సెకన్ల సందు ఉంటుంది. ఆ సందులో, రాబోయే పాట నా లోపల ముందే మొదలైపోవాలి. మొదలైతే అది నాకు ఆల్బమ్. లేకపోతే మంచి పాటలున్న క్యాసెట్, అంతే. ఈ కొలతతో చూస్తే పెద్దపెద్దవాళ్ళు కూడా తప్పుతారు.

ఇంగ్లండు బృందం బీటిల్స్ నుంచి అందరూ నెత్తికెత్తుకునేది 1967 నాటి 'సార్జెంట్ పెప్పర్స్'. నాకు దాని మీద అంత ప్రేమ లేదు. అందులో బాజాభజంత్రీలు ఎక్కువ, పెళ్ళి తక్కువ. ఆఖరి పాట చివర పియానో మోత నలభై సెకన్ల పైన లాగుతుంది చూడండి, దానికి మాత్రం దండం పెడతాను. నా ఓటు 1969 నాటి 'అబ్బే రోడ్'కి. దాని రెండో వైపు చిన్నచిన్న పాటల ముక్కలు ఒకదాంట్లోంచి ఒకటి జారుతూ 16 నిమిషాలు సాగుతాయి. ఒక ముక్క విడిగా రాసిమ్మని ఎవరైనా అడిగితే నాకు కత్తెర ఎక్కడ పెట్టాలో తెలిసేది కాదు.

ఆ ఆల్బమ్‌లోనే నాకు బాగా నచ్చిన సంగతొకటి ఉంది. ఆ వరసలో 'హర్ మెజెస్టీ' అని 23 సెకన్ల పాట ఉండేది. బృందంలో ఒకడైన పాల్ మెకార్ట్‌నీకి నచ్చక తీసేయమన్నాడు. బీటిల్స్ రికార్డు చేసింది ఏదీ పారేయొద్దని స్టూడియోలో ఆర్డరు. అక్కడ టేపు చూసే కుర్ర ఇంజనీరు, పారేయలేక, ఆ ముక్కను టేపు చివర కొంత ఖాళీ వదిలి అతికించాడు. వాళ్ళు వింటుంటే అంతా అయిపోయాక ఉన్నట్టుండి అది వచ్చింది. బాగుంది, ఉండనీ అన్నారు. ఇప్పటికీ 14 సెకన్ల నిశ్శబ్దం తర్వాత అది అక్కడే ఉంది. మిగిలిన టేపుతో ఏం చేయాలో తెలియని మనిషి లండన్‌లోనూ ఒకడున్నాడని తెలిసి నాకు ఎంత ఊరటో!

మైకేల్ జాక్సన్ 'థ్రిల్లర్' సంగతి తొందరగా చెప్పేస్తాను. 1982, తొమ్మిది పాటలు, అందులో ఏడు అమెరికాలో టాప్ టెన్‌కు వెళ్ళాయి. నా కొలతకు నిలబడదు. ఏ పాటకు ఆ పాట దొరగారిలా కూర్చుంటుంది, పక్కదానితో మాట్లాడదు. షాపువాడిగా మాత్రం దాని రుణం తీర్చుకోలేను.

జమైకా రెగే గాయకుడు బాబ్ మార్లే 'ఎక్సోడస్' కథ వేరు. 1976 డిసెంబరులో కింగ్‌స్టన్‌లో ఆయన ఇంట్లోకి చొరబడి కాల్పులు జరిపారు. బతికి బయటపడి, లండన్ చేరి, 1977లో ఈ ఆల్బమ్ తెచ్చాడు. మొదటి వైపంతా దేవుడు, అన్యాయం, వలస. ఎడారిలో నడుస్తున్నట్టు ఉంటుంది. తిప్పితే రెండో వైపు ప్రేమ, ఆట, ఊరడింపు. నా దగ్గరికి వచ్చినవాళ్ళు అందరూ రెండో వైపు పాటలే అడిగారు. నేనూ అవే ఎక్కించాను. ఆ మొదటి వైపు పూర్తిగా విన్నాకే రెండో వైపు 'దిగులు పడకు' అనే పాటకు బరువు వస్తుంది. తుపాకీ గుండు తగిలినవాడు దిగులు పడకంటున్నాడు. నేను ఎన్ని వందలమందికి ఆ గుండు లేకుండా పాట అమ్మానో.

జాజ్ దగ్గరికి వస్తే, ట్రంపెట్ వాయించే మైల్స్ డేవిస్ 'కైండ్ ఆఫ్ బ్లూ', 1959. జాజ్ అంటే మనకు కాదులే అనుకునేవాళ్ళు దీనితో మొదలుపెట్టండి. స్వరాల కట్టడాలు గబగబా మారిపోవు, ఒక్కో వాద్యం ఒకే వరసలో చాలాసేపు తిరుగుతుంది. నాదస్వరం ఆలాపన ఓపిగ్గా విన్న చెవి ఇక్కడ దారి తప్పదు. రాగమే అని కొందరంటారు, నేను అంత దూరం పోను. గమకం, అంటే స్వరాన్ని ఊపడం, లేని చోట మన రాగం ఎక్కడిది?

దీన్ని నేను ఇష్టపడడానికి ఇంకో కారణం మా వృత్తికి సంబంధించింది. మా డెక్కులో రబ్బరు బెల్టు సడలితే టేపు నెమ్మదిగా తిరిగేది. అలా రికార్డయింది ఇంట్లో సరైన వేగంతో వేస్తే శ్రుతి పైకి పోయేది. "ఘంటసాల గొంతు పిల్లోని గొంతు మాదిరి వస్తాంది" అని వచ్చి తిట్టేవాళ్ళు. 'కైండ్ ఆఫ్ బ్లూ'కి జరిగింది సరిగ్గా ఇదే. న్యూయార్క్‌లో కొలంబియా వాళ్ళ పెద్ద స్టూడియోలో, మొదటి రోజు ఒక టేపు మిషన్ కాస్త నెమ్మదిగా తిరిగింది. మొదటి వైపు మూడు పాటలూ కొద్దిగా పెరిగిన శ్రుతిలో బయటికొచ్చాయి. 1990లలో సరిచేశారు. అంటే ముప్ఫై ఏళ్ళకు పైగా ప్రపంచమంతా తప్పు శ్రుతిలోనే ప్రేమించింది. నా బెల్టును మాత్రం వారంలో కనిపెట్టేశారు, కడపవాళ్ళు!

మన దేశంలో తయారైన వాటిలో 1967 నాటి 'కాల్ ఆఫ్ ద వ్యాలీ'. శివకుమార్ శర్మ సంతూర్, హరిప్రసాద్ చౌరాసియా వేణువు, బ్రిజ్ భూషణ్ కాబ్రా గిటారు. కశ్మీరు లోయలో ఒక గొర్రెల కాపరి రోజు, తెల్లవారినప్పటి నుంచి రాత్రి దాకా. అహిర్ భైరవ్ రాగంతో మొదలై పహాడీతో ముగుస్తుంది. క్రమం మార్చి వింటే సూర్యుడు వెనక్కి నడిచినట్టు ఉంటుంది. చాలా ఇష్టం, ఒక్క ఫిర్యాదు. మా తాత రాయచోటి వైపు గొర్రెలు కాసినవాడు. ఆ లోయలో కాపరికి మధ్యాహ్నం చల్లగా జారిపోతుంది. మా తాతకు రోజులో మూడు వంతులు మధ్యాహ్నమే. ఆ ఎండకు సరిపోయే రాగం వేసి, ఒక వైపంతా దానికే ఇచ్చి, ఎవరైనా మన కాపరి ఆల్బమ్ ఒకటి చేస్తారేమోనని ఇంకా చూస్తున్నాను.

ఖవ్వాలీ గురించి కడపలో నేను చెప్పడం ఎందుకు? పెద్ద దర్గా ఉరుసులో రాత్రంతా కూర్చున్నవాళ్ళు ఇక్కడే ఉన్నారు. పాకిస్తాన్ ఖవ్వాలీ గాయకుడు నుస్రత్ ఫతే అలీ ఖాన్ 'మస్త్ మస్త్' 1990లో వచ్చింది, మైకేల్ బ్రూక్ గిటారుతో, పాశ్చాత్య పద్ధతిలో, పాటలు పొట్టిగా. కుర్రాళ్ళు ఎగబడ్డారు. నాకు అది పెద్ద చెరువును చెంబులో తెచ్చినట్టు అనిపించింది. ఖవ్వాలీకి ఒకే ముక్క పదిసార్లు తిరగాలి, పదకొండోసారి ఎవరో ఒకరు లేచి నిలబడాలి. దాన్ని టేపులో పట్టించడం నాకూ చాతకాలేదు, వాళ్ళకూ కాలేదు. మన దర్గాకు వచ్చిపోయే ఏ.ఆర్. రెహమాన్ సంగతి కూడా కలిపి చెబుతాను. 1992లో 'రోజా' క్యాసెట్ వేసినరోజు నా షాపు స్పీకర్లు అంత లోతు శబ్దం మోయలేక బర్రుమన్నాయి. నెల తిరక్కుండా కొత్తవి కొన్నాను. ఆ పాటల మీద నా అభిప్రాయం ఆ బిల్లే.

ఆఖరుగా మన దగ్గరిది. రాజంపేట దారిలో తాళ్ళపాక. అక్కడివాడైన అన్నమయ్య పాటలు ఎం.ఎస్. సుబ్బులక్ష్మి పాడి, తిరుమల తిరుపతి దేవస్థానం పూనికతో 1980 ప్రాంతంలో 'బాలాజీ పంచరత్నమాల' వచ్చింది. దీన్ని నేను ఎన్నిసార్లు అమ్మానో లెక్కలేదు, ఒక్కసారి కూడా సరిగ్గా వినలేదు. ఎందుకంటే అది మనకు ఎప్పుడూ గుడి మైకులోంచో, తిరుపతి బస్సులోంచో వస్తుంది. పల్లవి రాగానే "ఫలానా వారి అర్చన" అని అనౌన్సుమెంటు, లేదంటే కండక్టరు కేక. షాపు మూసేశాక ఒక రాత్రి ఇంట్లో పెట్టాను. మా ఆవిడ చెనక్కాయలు ఒలుస్తోంది. నేదునూరి కృష్ణమూర్తి గారు రేవతి రాగంలో కట్టిన 'నానాటి బతుకు నాటకము' వచ్చింది. పాట ముగిసే దాకా చాట అలాగే ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తర్వాత అడిగింది: "ఈ పాటకు చరణాలు కూడా ఉన్నాయా?"

ఇంక ఆ ప్రొద్దుటూరు అబ్బాయి సంగతి మిగిలింది. తప్పు నాదే కాబట్టి, ఊరికే ఇంకో క్యాసెట్లో డ్యూయెట్ లేకుండా ఎక్కించి ఇచ్చి, పాతది వెనక్కి తీసుకున్నాను. నెల తర్వాత మళ్ళీ వచ్చాడు. కాసేపు షాపులో అవీ ఇవీ చూసి, గొంతు తగ్గించి, "అన్నా, పాత క్యాసెట్ ఉందా?" అన్నాడు. "ఎందుకు?" అన్నాను. "గుండె ఆగినాక ఆ పాట వస్తాదని చూస్తాండా. రాకపోతే ఏదో మాదిరిగా ఉంది."

పాతది అప్పటికే చెరిపేసి ఎవరికో భక్తి పాటలు ఎక్కించేశాను. మళ్ళీ ఆ డ్యూయెట్ వెతికి, రెండు నిమిషాలు కొలిచి, చరణంలో ఏ మాట దగ్గర తెగిందో అతన్నే అడిగి, అక్కడే తెంపి ఇచ్చాను. రెండుసార్లు తప్పింది, మూడోసారి కుదిరింది. నా జీవితంలో అంత జాగ్రత్తగా చేసిన రికార్డింగ్ ఇంకోటి లేదు.

నేను ఇక్కడ మాట్లాడుతున్నానని తెలిసి అతనే ఆ క్యాసెట్ పోస్టులో పంపాడు. ఇదిగో ఈ బల్ల మీదుంది. టేపు పాతది, పెన్సిల్ పెట్టి ఒకసారి చుట్టాను, తిరుగుతోంది. 45 నిమిషాలు. ఇప్పుడు వేస్తాను. గుండె చప్పుడు ఆగిందని ఎవరూ లేవకండి.