ఓడని కట్టే తాడు: చాక్ నుంచి బిట్స్ దాకా

నమస్కారమండీ. నా వెనకాల పొట్టిగా, లావుగా, జంటగా నిలబడ్డ ఇనుప స్తంభాలు కనిపిస్తున్నాయి కదా, వీటిని బిట్స్ అంటారు. కొత్తగా ఓడెక్కిన కుర్రాళ్లు వీటిమీదే కూర్చుని ఫోన్లు చూసుకుంటుంటారు. ఖాళీగా ఉన్నప్పుడు కూర్చుంటే కూర్చున్నారు గానీ, తాడు పడ్డాక ఆ ఛాయలకే పోకూడదు.

ఇవాళ మనం తాడు వెంబడి నడుద్దాం. రేవు మీంచి ఓడలోకి వచ్చిన తాడు ఏయే ఇనుముని తాకుతూ పోతుందో, ఒక్కో చోట ఏం చూసుకోవాలో చెప్తాను.

ముందుగా ఓడ అంచున ఈ కోడిగుడ్డు ఆకారం కంత. దీన్ని చాక్ అంటాం. పైన కూడా మూసి ఉంది చూడండి, ఇది పనామా చాక్. పనామా కాలవ లాకుల్లో గట్టు మీద నడిచే ఇంజన్లు ఓడని తీగలతో పట్టుకుంటాయి. నీళ్లు ఎక్కేకొద్దీ దిగేకొద్దీ ఆ తీగ ఒకసారి పైకి, ఒకసారి కిందికి లాగుతుంది. పైన తెరిచి ఉంటే తాడు ఎగిరి బయట పడుతుంది. అందుకే నాలుగు వైపులా మూసి, లోపలి అంచులన్నీ గుండ్రంగా తిప్పారు.

ఆ గుండ్రం నున్నగా ఉందో లేదో కంటికి తెలియదు. పెయింట్ అన్నిటినీ కప్పేస్తుంది. పాత నూలు గుడ్డ తీసుకోండి, ఇలా లోపలి వంపు మీద రుద్దండి. ఇదిగో, ఇక్కడ పోగు పట్టుకుంది. గుడ్డని పట్టుకున్న గరుకు తాడుని కూడా పట్టుకుంటుంది. ఎక్కువగా ఇవి ఉక్కు తీగ కోసిన గాడులు. ఒకే చాక్‌లో నిన్న ఉక్కు తీగ, ఇవాళ నైలాన్ తాడు వేస్తే ఇలాగే అవుతుంది. దేని దారి దానికి వేరుగా ఉంచండి.

చాక్ దాటాక తాడు మలుపు తిరగాలంటే ఈ నిలువు రోలర్ కావాలి, పెడెస్టల్ రోలర్. ఒక్క నిమిషం, తమ్ముడూ, ఆ సుద్దముక్క ఇలా ఇవ్వు. రోలర్ నెత్తిన ఒక గీత, దానికి ఎదురుగా కదలని పీఠం మీద ఒక గీత. తాడు లాగాక మళ్లీ ఇక్కడికొచ్చి చూద్దాం.

ఇప్పుడు చాలామంది పొరపడే చోటుకొచ్చాం. తాడులో 50 టన్నుల లాగుడు ఉందనుకోండి. రోలర్ మీద పడేది కూడా 50 టన్నులే అనుకుంటారు. అది మలుపుని బట్టి ఉంటుంది. తాడు 60 డిగ్రీలు తిరిగితే రోలర్ మీద 50 టన్నులు. 90 డిగ్రీలు తిరిగితే దాదాపు 71. వచ్చిన దారినే వెనక్కి తిరిగితే, అంటే 180 డిగ్రీలైతే, అక్షరాలా 100 టన్నులు. తాడు అదే, లాగుడు అదే, ఇనుము మీద బరువు మాత్రం రెట్టింపు. కాబట్టి ప్లాన్‌లో లేని అడ్డదారిన, 'ఇవాళ్టికి ఇలా కానిచ్చేద్దాం' అంటూ తాడు తిప్పకండి.

పక్కన ఈ ఉబ్బు అక్షరాలు చూడండి. ఎస్‌డబ్ల్యూఎల్, తర్వాత టన్నుల్లో ఒక అంకె. ఆ అమరిక మీద వేయదగిన గరిష్ఠ భారం అది. వెల్డింగ్ పూసతో రాశారు కాబట్టి ఎన్ని పొరల పెయింట్ వేసినా చేతికి తగులుతుంది. దీని వెనక ఒక లెక్క ఉంది. ఓడకి నిర్ణయించిన తాడు తెగే బలం ఎంతో, దానికి 1.15 రెట్లు తట్టుకునేలా ఈ ఇనుముని, కింద దాన్ని మోసే డెక్ కట్టడాన్ని తయారు చేస్తారు. వించ్ అంటే తాడుని డ్రమ్‌కి చుట్టి లాగే యంత్రం. దాని బ్రేకుని మామూలుగా తాడు బలంలో 60 శాతం దగ్గర జారేలా సెట్ చేస్తారు. ముందు బ్రేక్ జారాలి, అదీ కాకపోతే తాడు తెగాలి, ఇనుము మాత్రం డెక్ నుంచి ఊడి రాకూడదు. ఎవరైనా ఓడకి నిర్ణయించిన దానికంటే గట్టి తాడు తెచ్చి వేస్తే ఈ వరుస తలకిందులవుతుంది. గట్టి తాడు దొరికిందని సంబరపడేవాళ్లని చూస్తే నాకు భయం.

ఇక బిట్స్. తాడుని ముందు స్తంభానికి ఒకటి రెండు పూర్తి చుట్లు చుట్టి, ఆపైన రెండు స్తంభాల మధ్య ఎనిమిది ఆకారంలో వేయాలి. మన ౮ కాదండోయ్, ఇంగ్లీషు 8. చుట్లు అడుక్కి ఆనుకుని ఉండాలి. పునాది నుంచి 20 సెంటీమీటర్ల ఎత్తులో ఉన్న తాడు 40కి ఎక్కితే, అదే లాగుడుకి స్తంభం మొదట్లో పడే వంపు బలం రెండింతలవుతుంది. చుట్లు ఒకదాని మీద ఒకటి ఎక్కితే విప్పేటప్పుడు కూడా ఇరుక్కుంటాయి.

వించ్ మీంచి బిట్స్‌కి మార్చేటప్పుడు మధ్యలో స్టాపర్ వేస్తాం, చిన్న తాడు. నారతాడుకి నార స్టాపర్, ఉక్కు తీగకి గొలుసు స్టాపర్. డ్రమ్ దగ్గర మెల్లగా వదలండి, బరువు స్టాపర్ మీదికి రావాలి. అది పట్టిందని కళ్లారా చూశాకే చుట్లు విప్పి బిట్స్ మీదికి మార్చండి. ఇక్కడ తొందర పనికిరాదు.

తాడు బిగిశాక ఎక్కడ నిలబడాలి? పూర్వం డెక్ మీద పసుపు గీతలు గీసి, ఇవతల క్షేమం అనేవాళ్లు. 2015 మార్చిలో బ్రిటన్‌లోని సౌత్ హుక్ టెర్మినల్‌లో జార్గా అనే గ్యాస్ ఓడ మీద తాడు తెగి ఒక అధికారి తలకి తీవ్రమైన గాయమైంది. ఇప్పుడు మూరింగ్ డెక్, అంటే ఓడని తాళ్లతో కట్టే ఈ చోటు, మొత్తాన్నీ ప్రమాద స్థలంగానే చూడమంటున్నారు. రోలర్ చుట్టూ మలుపు తిరిగిన తాడు తెగితే అది ఎటు విసిరికొడుతుందో గీత గీసి చెప్పలేం మరి.

తనిఖీ విషయం కూడా ఒక మాట. 2024 జనవరి 1 నుంచి సోలాస్, అంటే సముద్రంలో ప్రాణ రక్షణకి ఉన్న అంతర్జాతీయ ఒప్పందం, నిబంధనల కింద పాత ఓడలతో సహా అన్నిటికీ మూరింగ్ సామాను తనిఖీ, మరమ్మత్తు తప్పనిసరి అయ్యాయి. రాతలో సంతకం కంటే అడుగున వెల్డింగ్ చుట్టూ తుప్పు కన్నీళ్లలా కారుతోందేమో చూడటం ముఖ్యం. ఆ చార ఉంటే అక్కడ పగులు ఉండొచ్చు.

సరే, తాడు లాగేశాం, మళ్లీ వదులు కూడా చేశాం. రండి, సుద్ద గీత దగ్గరికి.

చూశారా? రెండు గీతలూ ఇంకా ఎదురెదురుగానే ఉన్నాయి. తాడు ఇన్ని మీటర్లు జారింది, రోలర్ మాత్రం కదల్లేదు. తాడు దాన్ని రాసుకుంటూ వెళ్లింది. వేలితో తాకండి, తాడు మీద గాజులా మెరిసే మచ్చ, అది రాపిడి వేడికి కరిగిన నైలాన్ నార. ఇదిగో గ్రీజు నిపుల్, పెయింట్ కింద పూడుకుపోయి ఉంది. తమ్ముడూ, స్క్రేపర్, గ్రీజు గన్ పట్రా. పాత నల్ల గ్రీజు బయటికి వచ్చి, వెనకే కొత్తది కనిపించేదాకా కొట్టు.