మూడు వేళ్ళ పరీక్ష

నేను: అందరికీ నమస్కారం. ఈ రోజు మనతో మాట్లాడేది మా పిన్ని. హైదరాబాద్‌లో క్యాన్సర్ వార్డుల్లో నర్సుగా చేసి రిటైరయ్యారు. ఇప్పుడు బస్తీల్లో పరీక్షా శిబిరాలకు వెళ్తున్నారు. ఎక్కడ మొదలుపెడదాం పిన్నీ?

పిన్ని: నీ నోటి దగ్గరే. మూడు వేళ్ళు కలిపి నిలువుగా నోట్లో పెట్టు. పడుతున్నాయా?

నేను: పడుతున్నాయి.

పిన్ని: అమ్మయ్య. అఫ్జల్‌గంజ్ వైపు ఒక శిబిరానికి ఆటో నడిపే అబ్బాయి వచ్చాడు. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. రెండో వేలికే నోరు పట్టేసింది. "మిర్చిబజ్జీ తింటే మండుతుందమ్మా, అంతకుమించి నొప్పేమీ లేదు" అన్నాడు. గ్లవ్స్ వేసుకుని బుగ్గ లోపల తడిమాను. మెత్తగా ఉండాల్సిన చోట తాడు బిగించి కట్టినట్టు గట్టిగా తగిలింది. రంగు పాలిపోయి ఉంది. ఎన్నో ఏళ్ళుగా గుట్కా నములుతున్నాడట.

నేను: అంటే క్యాన్సర్ వచ్చేసిందా?

పిన్ని: ఇంకా రాలేదు. అది ముందు దశ, సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ అంటారు. కొందరిలో అదే క్యాన్సర్‌గా మారుతుంది. బిగుసుకున్న నోరు మళ్ళీ మామూలుగా కావడం చాలా కష్టం. అందుకే ఆ రోజే మానెయ్యమని చేతులు పట్టుకుని చెప్పాను. దానికి అసలు కారణం ఏమిటో తెలుసా? వక్క.

నేను: పొగాకు కాదా?

పిన్ని: పొగాకు చేసే చెడు ఎలాగూ ఉంది. కానీ పొగాకు కలవకపోయినా వక్క ఒక్కటే చాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో ప్రచురించిన నివేదికలోనే వక్కను క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. పాన్ డబ్బా దగ్గర "నాది జర్దా లేని పాన్" అని ధీమాగా చెప్పేవాళ్ళను చూస్తే నాకు గుండె తరుక్కుపోతుంది.

నేను: మా నాన్నగారు భోజనం కాగానే వక్కపొడి వేసుకుంటారు పిన్నీ.

పిన్ని: బావగారి సంగతి నాకు తెలియనిదా! ఆయన దగ్గరికి వస్తాను ఆగు. శ్రీకాకుళం, విశాఖ తీరంలో అడ్డపొగ అని ఒక అలవాటుంది. చుట్ట వెలిగించి నిప్పు ఉన్న కొసను నోటి లోపల పెట్టుకుంటారు, ఎక్కువగా ఆడవాళ్ళు. ఆ వేడి, పొగ నేరుగా అంగిలికి తగులుతాయి. క్యాన్సర్ అక్కడే వస్తుంది. అలవాటు ఏ చోటును రోజూ తాకితే రోగం ఆ చోటే వెతుక్కుంటుంది నాన్నా.

నేను: మరి ఎప్పుడు అనుమానించాలి?

పిన్ని: నోటిపుండు రెండు వారాలు దాటినా మానకపోతే. తెల్ల మచ్చ గానీ ఎర్ర మచ్చ గానీ కనబడితే. నొప్పి కోసం మాత్రం ఎదురుచూడకూడదు. మొదట్లో చాలామందికి నొప్పే ఉండదు. రొమ్ములో గడ్డ కూడా అంతే. "నొప్పి లేదు కదా, కొవ్వు గడ్డ అయ్యుంటుంది" అంటూ ఏడాది గడిపి వచ్చినవాళ్ళను ఎంతమందిని చూశానో.

నేను: ముక్క తీసి పరీక్ష చేస్తే పాకుతుందని భయపడతారు కదా?

పిన్ని: ఆ మాట ఎన్ని ప్రాణాలు తీసిందో! బయాప్సీ చేయించుకుంటే క్యాన్సర్ పాకదు. చేయించుకోకుండా కూర్చుంటే ఆ గడువులో పాకుతుంది.

నేను: ఆడవాళ్ళ విషయానికి వస్తే, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్?

పిన్ని: మన దేశంలో ఏటా లక్షకు పైగా కొత్త కేసులు. దాదాపు అన్నిటికీ మూలం హెచ్‌పీవీ అనే వైరస్. ఆ సంగతి కనిపెట్టినందుకే హెరాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ వచ్చింది. వైరస్ సోకాక క్యాన్సర్ కావడానికి సాధారణంగా పదిహేను, ఇరవై ఏళ్ళు పడుతుంది. అన్నేళ్ళ గడువు మన చేతిలో ఉండి కూడా ప్రాణాలు పోతుంటే ఎలా ఊరుకోను? పలచటి ఎసిటిక్ ఆమ్లం, అంటే వెనిగర్‌లో ఉండేదే, దూదితో గర్భాశయ ముఖద్వారానికి అద్ది ఒక నిమిషం ఆగితే తేడా ఉన్న చోటు తెల్లగా తేలుతుంది. ముప్పై దాటినవాళ్ళు సిగ్గుపడి ఈ పరీక్ష తప్పించుకోకూడదు. ముట్లుడిగాక రక్తం కనబడితే ఒక్క చుక్కయినా సరే, చూపించుకోవాలి. తొమ్మిది నుంచి పద్నాలుగేళ్ళ ఆడపిల్లలకు టీకా ఉంది. మన దేశంలో తయారైన సర్వావాక్ కూడా 2023లో వచ్చింది.

నేను: ఖర్చుకు భయపడి ఆగిపోయేవాళ్ళ సంగతి?

పిన్ని: రెడ్‌హిల్స్‌లో ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి కూడా 2023 డిసెంబరులో పది లక్షలకు పెరిగింది. ముందు వచ్చి చూపించుకోమను. ఇక బావగారు. బుగ్గ లోపల ఏదో గరుకుగా ఉందని మీ అమ్మ మొన్న ఫోనులో అంది.

నేను: నాకు చెప్పలేదే!

పిన్ని: నొప్పి లేదని ఆయనే చెప్పనివ్వలేదట. రేపు ఉదయం ఎనిమిదింటికల్లా తీసుకురా, నేనూ వస్తాను. పళ్ళసెట్టు పెట్టుకునే డబ్బా మర్చిపోవద్దు. సెట్టు తీయిస్తే గానీ దాని కింద ఏముందో కనబడదు.