ఓర్బాన్ అడిగే సార్వభౌమత్వం ఎవరి కోసం?

యాంకర్: నమస్కారమండీ. డైరెక్ట్‌గా టాపిక్‌లోకి వెళ్దాం. హంగేరీలో ప్రధానిగా ఓర్బాన్, పోలాండ్‌లో 2023 దాకా పాలించిన పీఐఎస్ పార్టీ, ఇద్దరి గవర్నమెంట్లదీ ఏళ్ళ తరబడి ఒకటే మాటగా ఉండేది, మా దేశంలో ఏం చెయ్యాలో బ్రస్సెల్స్, అంటే యూరోపియన్ యూనియన్ (ఈయూ), చెప్పడానికి వీల్లేదు అని. మేడమ్, ఇది మన కేంద్రం, రాష్ట్రాల గొడవలాంటిదేనా?

లా ప్రొఫెసర్: కాదండీ, మన రాష్ట్రాలకి ఇండియా నుంచి బయటికి పోయే దారి లేదు. ఈయూలో ఆర్టికల్ 50 ఉంది, బ్రిటన్ అది వాడుకునే 2020లో వెళ్ళిపోయింది. మరి ఓర్బాన్ వెళ్ళలేదే? 2003లో హంగేరీ జనమే రెఫరెండంలో ఓటేసి, రూల్స్ ఒప్పుకుని 2004లో చేరారు. ఫండ్స్ వచ్చినప్పుడు లేని సార్వభౌమత్వం కోర్టు తీర్పు వచ్చేసరికి గుర్తొస్తుందా?

జర్నలిస్ట్: ఒక్క నిమిషం మేడమ్, జనం భయాన్ని అలా తీసిపారెయ్యకండి. 2015లో ఏ దేశం ఎంతమంది రెఫ్యూజీలని తీసుకోవాలో ఈయూ దేశాల మెజారిటీ ఓటుతో కోటా రుద్దారు కదా, హంగేరీ వాటా 1,294 మంది, నంబర్ చిన్నదే, కానీ మా దేశంలోకి ఎవరు రావాలో మేం చెప్పొద్దా అంటే ఏం జవాబు చెప్తారు?

లా ప్రొఫెసర్: అడగాల్సిన ప్రశ్నే సర్. 2016లో ఓర్బానే దాని మీద రెఫరెండం పెట్టారు, వచ్చినవాళ్ళలో 98 శాతం ఆయన వైపే, కానీ సగం మంది కూడా రాలేదు కాబట్టి చెల్లలేదు. నా బాధంతా జడ్జీల గురించి. రిటైర్మెంట్ వయసు 70 నుంచి ఒక్కసారిగా 62కి దించి సీనియర్లని ఇంటికి పంపేశారు, అది తప్పని 2012లో ఈయూ కోర్టు చెప్పాల్సొచ్చింది. సొంత గవర్నమెంట్ మీద కేసు వేసిన హంగేరీ పౌరుడు ఎవరి దగ్గరికి పోవాలండీ? పోలాండ్‌లో జడ్జీలని శిక్షించడానికి డిసిప్లినరీ ఛాంబరే పెట్టారు, ఈయూ కోర్టు ఆపమన్నా ఆపలేదు, 2021లో రోజుకి 10 లక్షల యూరోల ఫైన్ పడింది.

యాంకర్: ఆ ఫైన్ కట్టేది జనమే కదా?

జర్నలిస్ట్: అదే నేననేది. బ్రస్సెల్స్ కూడా తక్కువేం తినలేదు, 2023 డిసెంబర్‌లో హంగేరీకి ఆపిన డబ్బులో దాదాపు 1,020 కోట్ల యూరోలకి అడ్డు తీసేశారు, మర్నాడే ఉక్రెయిన్ మెంబర్‌షిప్ చర్చల మీద నిర్ణయం, దాన్ని వద్దంటూ వచ్చిన ఓర్బాన్ లేచి బయటికెళ్ళారు, మిగతావాళ్ళు ఓకే చేసేశారు. ఇది బేరం కాదా?

లా ప్రొఫెసర్: ఇక్కడ మీతోనే ఉన్నా సర్. హంగేరీ వాళ్ళు జడ్జీల చట్టాలు మార్చారు కాబట్టే ఇచ్చాం అంది ఈయూ పాలన చూసే కమిషన్, యూరోపియన్ పార్లమెంటే నమ్మలేదు, 2024లో కమిషన్ మీద కోర్టుకెళ్ళింది.

యాంకర్: పోలాండ్‌లో పీఐఎస్ పోయి టస్క్ ప్రధానిగా వచ్చాక ఆ జడ్జీల సంగతేంటో బ్రేక్ తర్వాత మాట్లాడదాం.