ట్రాలీ నిండా కట్టె, కాటా మీద టన్నే

హోస్ట్: నమస్కారం. ఈరోజు ఆదోని దగ్గర ఒక పత్తి చేను గట్టు మీద కూర్చున్నాం. నా పక్కనున్న అన్న పత్తి కట్టె, కంది కట్టె సేకరించి కరెంటు ప్లాంట్లకు తోలుతారు. అన్నా, చేలో తగలబెట్టే కట్టే కదా, దీనికి అంత ఖర్చెందుకు?

అన్న: అందరూ అదే అడుగుతారు తమ్ముడూ. కట్టె చౌకే. చేలోంచి రోడ్డెక్కించేదే కష్టం. పీకే కూలీ, మోపులు కట్టే కూలీ, ట్రాక్టరు బాడుగ. ట్రాలీకి ఎంత ఎత్తు పేర్చినా కాటా మీద టన్ను దాటేది కష్టం. కట్టెల మధ్య అంతా గాలే. అందుకే ఇప్పుడు చేను దగ్గరే ష్రెడ్డర్ పెట్టి తునకలు చేస్తున్నాం.

హోస్ట్: ప్లాంటుకు ఏమాత్రం కావాలి?

అన్న: ఒక మెగావాట్‌కు ఏడాదికి దాదాపు 10 వేల టన్నులు. మన వానపంట పత్తిలో ఎకరాకు టన్ను అటూ ఇటూ వస్తుంది. లెక్క నువ్వే వేసుకో. పైగా కట్టె దొరికేది ఏడాదిలో మూడు నెలలే, బాయిలర్‌కు మాత్రం రోజూ కావాల. తక్కిన నెలలు బుడ్డల పొట్టు, అదే వేరుశనగ పొట్టు, వరి ఊక, సర్కారు కంపతో నెట్టుకొస్తారు.

హోస్ట్: బొగ్గు ప్లాంట్లు కూడా బొగ్గులో 5 శాతం బయోమాస్ గుళికలు, అంటే పంట వ్యర్థాలతో చేసినవి, కలపాలని 2021లో కేంద్రం చెప్పింది కదా. మీకు గిరాకీ పెరగాలి.

అన్న: గిరాకీ ఉంటే సరిపోదు. ఇదిగో, ఈ కట్టె విరుస్తా, విను. టక్కున విరిగిందా? ఇది ఆరింది. ఇది చూడు, వంగుతోంది, బెరడు నారలా సాగుతోంది. లోపల పచ్చి. దీన్ని వేస్తే ముందు ఆ నీళ్లు ఆవిరి కావడానికే వేడి పోతుంది. వేరుకు అంటుకున్న ఈ నల్లరేగడి గడ్డ దులపకుంటే ఇంకా నష్టం, బూడిద పెరిగి బాయిలర్‌లో గడ్డలు కడుతుంది. పోయినేడు ఒక ప్లాంటు వాళ్లు నా లోడుకు తేమ ఎక్కువని తూకంలో కోత పెట్టారు. అది నా తప్పే, ఒప్పుకున్నా. కానీ డబ్బులు నాలుగు నెలలకిచ్చారు. రైతుకు నేను ముందే ఇచ్చేసుంటి. ఆ టెన్షన్ నాకే తెలుసు.

హోస్ట్: రైతులేమంటారు?

అన్న: డబ్బు కంటే పురుగు పోతుందని సంతోషం. కట్టె అట్లే నిలబెడితే విచ్చని కాయల్లో గులాబీ పురుగు దాక్కుని మళ్లీ పంటకు ఎక్కుతుంది. అయితే బుడ్డల కట్టె మాత్రం ఎంత ధర ఇస్తామన్నా నేను ముట్టను. సీమలో వాన లేని ఏడు ఎద్దు నోటికి అందేది అదే.

హోస్ట్: అది వింటే మనసు నిండిందన్నా. ఇంకా అడగాలనుంది...

అన్న: పొద్దు వాలింది, మంచు పడితే ఈ కుప్ప నెమ్ము పడుతుంది. లే తమ్ముడూ, పట్ట ఆ కొస పట్టుకో.