అయోవాలో ఒక సాగు ఏడాది: వెయ్యి ఎకరాలు, రెండు పంటలు, నలుగురు మనుషులు

[దృశ్యం: విమానం కిటికీలోంచి పొలాలు. మైలుకు ఒక రోడ్డు.]

వ్యాఖ్యానం:
ఇది అమెరికాలోని అయోవా రాష్ట్రం. రోడ్లన్నీ స్కేలు పెట్టి గీసినట్టు తూర్పు పడమరలకు, ఉత్తర దక్షిణాలకు సాగుతున్నాయి చూడండి. నాలుగు రోడ్ల మధ్య ఉన్న ఒక్కో చదరం 640 ఎకరాలు. 1785లో మొదలైన సర్వే పద్ధతి నేలను అలా కోసింది. జూలైలో ఈ చదరాల్లో ఎటు చూసినా రెండే పంటలు కనిపిస్తాయి: మొక్కజొన్న, సోయా.

ఇది మనం నిప్పుల మీద కాల్చి, ఉప్పూ కారం నిమ్మరసం రాసుకుని తినే మొక్కజొన్న కాదు. గింజ తలమీద సొట్ట పడి, రాయిలా ఎండే రకం. అయోవాలో పండే దానిలో సగానికి పైగా ఇథనాల్ ఫ్యాక్టరీలకే పోతుంది. మిగిలిన దానిలో ఎక్కువ భాగం పందులు, కోళ్లు, పశువుల దాణా. సోయా నూనె మిల్లులకు వెళ్తుంది, లేదా ఓడ ఎక్కుతుంది.

మధ్య అయోవాలో వెయ్యి ఎకరాలు సాగుచేసే ఒక కుటుంబం ఉందనుకుందాం. తండ్రి, కొడుకు, కోడలు, డెబ్బై దాటినా లారీ తాళాలు ఎవరికీ ఇవ్వని తాత. సగం భూమి సొంతం, సగం కౌలు. ఆ రాష్ట్రంలో సాగుభూమిలో సగానికి పైగా కౌలుదే. కోడలు బడిలో టీచరు. ఆమె జీతం ఎంత అవసరమో, ఆ ఉద్యోగంతో ఇంటిల్లిపాదికీ వచ్చే ఆరోగ్య బీమా అంతకన్నా అవసరం. ఇలా ఒకరు బయట ఉద్యోగం చేస్తేనే నిలబడుతున్న రైతు కుటుంబాలు అక్కడ ఎన్నో.

పెద్ద పెద్ద యంత్రాలను చూసి నోరు వెళ్లబెట్టే వీడియోలు చాలానే ఉన్నాయి. నేను కాగితాలతో మొదలుపెడతాను. వెయ్యి ఎకరాలకు నలుగురు సరిపోతున్నారంటే కష్టం మాయమైందని కాదు. ఒళ్లు వంచే కష్టం తగ్గి, ఏ రోజు ఏం చేయాలో తేల్చుకునే కష్టం పెరిగింది.

[తెరపై: ఫిబ్రవరి. మంచు కప్పిన పొలం. వంటగది బల్ల మీద కాగితాలు.]

రాబోయే నెలలో అందించే సరుకుకు ఇప్పుడే ధర కుదుర్చుకునే బేరాన్ని వాయిదా అంటారు. షికాగో మార్కెట్లో మొక్కజొన్న డిసెంబరు వాయిదా, సోయా నవంబరు వాయిదా ఫిబ్రవరి నెలంతా రోజూ ఏ ధర దగ్గర ముగిశాయో చూసి సగటు కడతారు. పంట బీమాకు ఆ సగటే పునాది. అక్టోబరులో మళ్లీ ఒక సగటు తీస్తారు. ఎక్కువ మంది తీసుకునే ఆదాయ బీమాలో ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దాని మీద హామీ లెక్క వేస్తారు. ప్రీమియంలో కొంత ప్రభుత్వమే భరిస్తుంది. మార్చి 15 లోగా తేల్చుకోవాలి. కౌలు ఏడాది మొదలయ్యేది మార్చి 1న. పెట్టుబడికి అప్పిచ్చే బ్యాంకు ముందుగా అడిగేది ఈ బీమా కాగితమే.

మన దగ్గర కౌలు రైతు పేరు మీద బీమా గానీ, పంట రుణం గానీ దొరకడం గగనం. అక్కడ సాగుచేసే మనిషి ఎవరో అతని పేరు మీదే బీమా. ఆ దేశం నుంచి మనం యంత్రాలు తెచ్చుకున్నాం గానీ, తెచ్చుకోవలసింది ఈ పద్ధతి అని నాకనిపిస్తుంది.

[తెరపై: ఏప్రిల్ చివర. విత్తే యంత్రం, ప్లాంటరు, పొలంలోకి దిగుతుంది.]

విత్తడానికి నేల కనీసం 10 డిగ్రీల సెల్సియస్ వేడెక్కాలి. అయితే అసలు చూడాల్సింది రాబోయే రెండు రోజుల వాతావరణం. విత్తనం మొదట పీల్చుకునే నీళ్లు మంచులా చల్లగా ఉంటే మొలక లోపలే దెబ్బతింటుంది. అందుకే ఎండ కాస్తున్నా, రేపు చలివాన ఉందంటే తండ్రి ప్లాంటరును షెడ్డులోంచి తీయడు. ఏప్రిల్ 10 కంటే ముందు మొక్కజొన్న వేస్తే, మళ్లీ విత్తాల్సి వచ్చినప్పుడు బీమా ఆ ఖర్చివ్వదు. మే 31 దాటాక వేస్తే రోజుకు ఒక శాతం చొప్పున హామీ కరిగిపోతుంది. ఈ రెండు తేదీల మధ్య వానలు పోగా నేల ఆరిన రోజులు ఎన్ని దొరికితే అన్నే.

దొరికిన రోజున ఇక నిద్ర ఉండదు. 24 సాళ్ల ప్లాంటరు వెడల్పు 60 అడుగులు. సాలుకూ సాలుకూ మధ్య 30 అంగుళాలు. ట్రాక్టరును జీపీఎస్ నడుపుతుంది. అన్నీ సవ్యంగా సాగితే గంటకు పాతిక ఎకరాల దాకా అయిపోతుంది. ఎకరానికి దాదాపు 34,000 గింజలు. విత్తనాల సంచి మీద బరువు కన్నా గింజల లెక్కే ముఖ్యం. ఒక సంచిలో 80,000 గింజలుంటాయి.

[దగ్గరి దృశ్యం: సాలు పక్కన మోకాళ్ల మీద కూర్చున్న మనిషి. చేతిలో చిన్న చాకు.]

ఇంత యంత్రం ఉన్నా కొడుకు మాటిమాటికీ ట్రాక్టరు ఆపి దిగుతాడు. సాలులో మట్టిని చాకుతో పొరలుగా గీకుతాడు. గులాబీ రంగు మందు పూసిన గింజ కనబడగానే స్కేలు పెడతాడు. రెండు అంగుళాలు. ఒకటింబావే ఉంటే వేళ్లు సరిగా పట్టవు. గింజ పక్కన మట్టిని వేలితో నొక్కి చూస్తాడు, సందు ఉండకూడదు. క్యాబిన్‌లోని తెర అంతా బాగుందనే చెబుతుంది. వీళ్లు తెరనూ నమ్ముతారు, చాకునూ వదలరు.

నిరుడు మొక్కజొన్న వేసిన చోట ఈ ఏడు సోయా. ఎండిన మోళ్ల మధ్యే సోయా విత్తేస్తారు. ఎకరానికి లక్షన్నర లోపు గింజలు పడతాయి. నత్రజని ఎరువు అక్కర్లేదు, వేరు బొడిపెల్లోని బాక్టీరియా గాలిలోంచి దాన్ని తీసుకుంటుంది. మరుసటి ఏడు వచ్చే మొక్కజొన్నకు ఎరువు కాస్త తగ్గించుకోవచ్చు, దిగుబడి కూడా పెరుగుతుంది. పురుగు లెక్క కూడా ఉంది. మొక్కజొన్న వేళ్లను తినే ఒక పెంకు పురుగు ఈ ఏటి పొలంలో గుడ్లు పెట్టి, వచ్చే ఏటి పంట మీద ఆశ పెట్టుకుంటుంది. గుడ్లు పగిలేసరికి అక్కడ సోయా ఉంటే పిల్ల పురుగులు ఆకలితో చస్తాయి. అయితే పక్క రాష్ట్రం ఇల్లినాయ్‌లో ఈ పురుగులో ఒక రకం ఎత్తుకు పైఎత్తు వేసింది, సోయా పొలంలోనే గుడ్లు పెట్టడం నేర్చుకుంది!

[తెరపై: జూన్. సోయా సాళ్ల మధ్య నిటారుగా లేచిన కలుపు.]

ఈ మొక్కను ఎక్కడో చూసినట్టుంది కదా? మన తోటకూర వంశమే. అక్కడి పేరు వాటర్‌హెంప్. ఒక్క మొక్క రెండు లక్షలకు పైగా విత్తనాలు రాల్చగలదు. 1996లో కలుపు మందు గ్లైఫోసేట్‌ను తట్టుకునే సోయా వచ్చినప్పుడు కలుపు పీడ విరగడైందని అంతా అనుకున్నారు. ఏటా అదే మందు కొట్టేసరికి తట్టుకున్న మొక్కలే మిగిలాయి, వాటి సంతతే ఇప్పుడు పొలం నిండా. వెనకటి తరం పిల్లలు వేసవి సెలవుల్లో కొంకి కత్తులతో సోయా సాళ్ల వెంట నడిచి కలుపు నరికేవాళ్లు. మందు పని చేయని చోట ఆ నడక మళ్లీ వచ్చింది.

జూన్‌లో కంటికి కనబడనిది ఇంకొకటుంది. ఈ నేల ఒకప్పుడు చిత్తడి గడ్డిమైదానం. నాలుగు అడుగుల లోతున చిల్లుల గొట్టాలు పరిచి నీళ్లు తీసేస్తే గానీ పొలం కాలేదు. ఆ గొట్టాల వెంట నత్రజని కూడా నైట్రేటు రూపంలో వాగుల్లోకి, అక్కడి నుంచి ఊళ్ల తాగునీటి కేంద్రాలకు చేరుతుంది. 2025 జూన్‌లో రాష్ట్ర రాజధాని డిమోయిన్ నగర ప్రాంతంలో ఇళ్ల ముందు పచ్చికకు నీళ్లు పెట్టడాన్ని నిషేధించారు. కరువు వల్ల కాదు, నైట్రేటు తొలగించే యంత్రాల శక్తి చాలక. ఈ సంగతి ఎత్తితే రైతుల ఇళ్లలో మాట తెగదు. పల్లెకూ పట్నానికీ ఉన్న పేచీ ఇది.

[తెరపై: జూలై. జల్లు వేసిన మొక్కజొన్న.]

పంట తలరాత తేలేది ఈ రెండు వారాల్లోనే. మొక్క తలమీద జల్లు, అంటే మగ పూల గుత్తి నుంచి పుప్పొడి రాలుతుంది, కింద కంకి కొసన పీచు బయటికొస్తుంది. ఒక్కో పీచు పోగు ఒక్కో గింజకు దారి. పోగు మీద పుప్పొడి పడకపోతే ఆ గింజ లేనట్టే.

[దగ్గరి దృశ్యం: పచ్చి కంకి మీద పొట్టును చాకుతో నిలువునా చీల్చడం.]

ఇప్పుడు కొడుకు చేసేది చూడండి. పీచు తెగకుండా పొట్టును మెల్లగా విప్పి, కంకిని తలకిందులు చేసి దులుపుతున్నాడు. గింజ కట్టిన చోట పోగు ఊడి రాలిపోతుంది, కట్టని చోట అంటుకునే ఉంటుంది. ఊడని పోగులు ఎక్కువ కనబడితే నష్టం జూలైలోనే తెలిసిపోయినట్టు. తెలిసీ చేయగలిగింది మాత్రం ఏమీ లేదు.

ఇదే నెలలో విత్తన సంస్థల పొలాల్లో, పక్క సాళ్లలోని వేరే రకం పుప్పొడితోనే గింజ కట్టేలా, ఆడ సాళ్ల జల్లులు పీకే పని ఉంటుంది. అక్కడి కుర్రాళ్లలో చాలామందికి అదే మొదటి సంపాదన. హైబ్రిడ్ మొక్కజొన్న విత్తనాన్ని వ్యాపారంగా మార్చిన వాళ్లలో ముఖ్యుడు హెన్రీ వాలెస్. 1926లో అయోవాలో సంస్థ పెట్టాడు, తర్వాత దేశానికి ఉపాధ్యక్షుడయ్యాడు.

ఆగస్టు సోయాది. కాయలు నిండే వేళ ఒక్క మంచి వాన పడితే చాలు. కానీ 2020 ఆగస్టు 10న వచ్చింది వాన కాదు. అయోవాలోని సీడర్ రాపిడ్స్ నగరం దగ్గర గంటకు 225 కిలోమీటర్ల వేగం ఉంటుందని అంచనా వేసిన గాలి. మొక్కజొన్న పరుపులా నేలకొరిగింది, రేకు గాదెలు నలిగిపోయాయి. ఆ ఏడు ఫిబ్రవరి నాటి బీమా కాగితం విలువ ఏమిటో అందరికీ తెలిసొచ్చింది.

[తెరపై: సెప్టెంబరు చివర. కంబైన్ హార్వెస్టర్, దాని పక్కన గింజల బండి.]

మామూలుగా సోయా ముందు. మంచు తడి ఆరేదాకా కాడలు జీళ్లలా సాగుతాయి, అందుకని ఉదయం పది దాటాక గానీ కోత మొదలుకాదు. గింజ తేమ 13 శాతం దగ్గర కోయాలి. ఎక్కువుంటే కొనేవాడు ధరలో కోత పెడతాడు. మరీ ఆరిపోతే తూకం తగ్గుతుంది, కాయలు పగిలి రాలిపోతాయి. తాత లారీ దిగి కోసిన చోట చదరపు అడుగు మేర గింజలు లెక్కపెడతాడు. నాలుగు కనబడితే ఎకరానికి ఒక బుషెల్, అంటే సోయాలో 27 కిలోలు నేలపాలైనట్టు.

మొక్కజొన్నకు అంత పంతం లేదు, రాత్రి కూడా కోయవచ్చు. తేమ 20 నుంచి 25 శాతం ఉండగా మొదలుపెట్టి, గ్యాసు డ్రైయర్‌తో 15కు దించుతారు. మొక్కజొన్నలో బుషెల్ అంటే 25 కిలోలు. మంచి ఏడైతే ఎకరానికి 200 బుషెళ్లు, అంటే 50 క్వింటాళ్లు. సోయా 60 బుషెళ్లు, 16 క్వింటాళ్లు. కోడలు బడి వదలగానే వచ్చి బండి నడుపుతుంది.

ఎక్కడ అమ్మాలి, ఎప్పుడు అమ్మాలి అన్నది ఇంకో పరీక్ష. 1985లో అయోవాలోని మస్కటీన్‌కు వచ్చి ఒక ఇంట్లో బస చేసిన చైనా అధికారి పేరు షీ జిన్‌పింగ్. 2018లో ఆయన ప్రభుత్వమే అమెరికా సోయా మీద 25 శాతం సుంకం వేసింది. అలాంటి ఏడు పంట బాగా పండినా చేతికి డబ్బు రాదు.

[తెరపై: నవంబరు, డిసెంబరు. తెల్లటి అమ్మోనియా ట్యాంకులు, రేకు గాదె.]

నేల 10 డిగ్రీల కంటే చల్లబడ్డాక వచ్చే ఏటి మొక్కజొన్నకు నత్రజని ఎరువుగా అమ్మోనియాను నేలలోకి ఎక్కిస్తారు. వేడిగా ఉండగా ఎక్కిస్తే నైట్రేటుగా మారి ఆ గొట్టాల దారి పడుతుంది. అమ్మోనియా కంట్లో పడితే చూపు పోతుంది, పక్కన నీళ్లు లేకుండా ఎవరూ ముట్టుకోరు. అంతకన్నా భయం గాదెది. గింజ బూజుపట్టి గడ్డకడితే పొడవడానికి లోపలికి దిగుతారు. గింజను కిందికి లాగే మోటారు తిరుగుతుంటే మనిషి ఇరవై పాతిక సెకన్లలో పూర్తిగా కూరుకుపోతాడు. ఏటా ప్రాణాలు పోతూనే ఉన్నాయి.

డిసెంబరు చివరి వారం మళ్లీ వంటగది బల్ల. పన్ను లెక్క వేసేది ఆ ఏడాదిలో చేతికి వచ్చిన డబ్బు, చేతినుంచి పోయిన డబ్బు చూసి. అందుకని వచ్చే ఏటి విత్తనం, ఎరువు 31వ తేదీలోపే కొనేస్తారు. గాదెలోని మొక్కజొన్నను జనవరి దాకా కదపరు.